బండి నడిపేవాళ్లకి కొండ కనపడేదెప్పుడు?

ప్రశ్న: అక్టోబరు మొదటి వారంలో ఆర్‌వి (లోపలే వండుకుని పడుకునే వీలున్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని కొలరాడోలోని ఆంటొనీటో నుంచి న్యూ మెక్సికోలోని చామాకి వెళ్దామనుకుంటున్నాం. ఆ రెండూళ్ల మధ్య కంబ్రెస్ అండ్ టోల్టెక్ అనే పాతకాలపు బొగ్గు ఆవిరి ఇంజన్ రైలు నడుస్తుందట. ఎక్కుదామంటే మావారు, 'ఆ కొండల్లోంచే మన బండి వెళ్తుందిగా, మళ్లీ టికెట్లు దండగ' అంటున్నారు. మా అత్తగారికి 68 ఏళ్లు, బీపీ ఉంది. ఆవిడ చలికి తట్టుకుంటారా?
– ఒక పాఠకురాలు, డెన్వర్

జవాబు: మీవారన్న మాటే నేనూ అన్నాను, నాలుగేళ్ల కిందట. మా ఆవిడ వాదించలేదు, ఊరుకుంది. ఆంటొనీటో దాటి 17వ నంబరు హైవే ఎక్కాక తెలిసొచ్చింది. ముందు 10,230 అడుగుల ఎత్తున లా మాంగా కనుమ, ఆ తర్వాత కంబ్రెస్ కనుమ, అదీ పదివేల పైనే. ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్ మీదే దింపుకోవాలి, బ్రేకు తొక్కుతూ కూర్చుంటే కాలిన వాసన వస్తుంది. వెనక నుంచి ముగ్గురూ 'అబ్బ, అటు చూడండి!' అంటున్నారు. నేను చూసినవల్లా రోడ్డు మధ్య పసుపు గీత, అద్దంలో నా వెనక బారులు తీరిన ఏడు కార్లు.

కాబట్టి ఆ టికెట్ మీకోసం కాదు, మీవారి కోసం కొనండి.

పైగా రైలూ రోడ్డూ ఒకటే దారి కాదు. కంబ్రెస్ దగ్గర కాసేపు పక్కపక్కనే ఉంటాయి కానీ, అక్కణ్నుంచి ఆంటొనీటో వైపు పట్టాలు తమ దారిన తాము వెళ్లిపోతాయి. మధ్యాహ్నం భోజనానికి ఆగే ఒసియర్‌కి తారురోడ్డు లేదు. అది దాటాక టోల్టెక్ లోయ, సుమారు 600 అడుగుల కింద నది. ఆ అంచునే సొరంగం దగ్గర ఒక రాతి స్మారకం ఉంటుంది. అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ హత్యకు గురైన 1881లో, సెప్టెంబరు 26న వాషింగ్టన్ నుంచి ఎంతో దూరంలో ఉన్న ఈ కొండలో రైల్వే ఏజెంట్లు ఆయనకి సంతాప సభ జరిపారు. ఆ రాయి దానికి గుర్తు. క్షణంలో దాటిపోతుంది, కళ్లు అటే ఉంచండి.

వీలైతే చామాలో ఎక్కండి. అక్కణ్నుంచి కంబ్రెస్ దాకా 14 మైళ్లూ దాదాపు అంతా ఎక్కుడే: వంద అడుగులు ముందుకెళ్తే నాలుగు అడుగులు పైకి. రైలుకి అది చాలా ఎక్కువ. ఇంజన్ ఒక్కో చక్రపు తిప్పుకీ గట్టిగా బుసకొడుతుంది, ఆ శబ్దం గుండెల్లో తెలుస్తుంది. ఇవి ఎక్కువగా 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసిన కె-36 ఇంజన్లు. పట్టాల మధ్య వెడల్పు మూడడుగులే, అంటే 36 అంగుళాలు కాబట్టి ఆ పేరొచ్చిందనుకున్నాను నేను. కాదట, 36 వేల పౌండ్ల లాగుడు శక్తి కాబట్టి. 1880లో వేసిన ఈ లైను మూతపడబోతుంటే 1970లో రెండు రాష్ట్రాలూ కలిసి 64 మైళ్లు కొనేశాయి. అంతటి మెలికల దారిలో రాష్ట్ర సరిహద్దుని 11 సార్లు దాటతాం.

ఆస్పెన్ చెట్ల గురించి ఒక్క మాట. ఒక గుంపులోని చెట్లన్నీ తరచుగా ఒకే వేరు నుంచి వచ్చినవే. అందుకే కొండవాలు మీద ఒక ముక్క పూర్తిగా పసుపెక్కితే, పక్క ముక్క ఇంకా పచ్చగానే ఉంటుంది. మీ తేదీకి ఆకులు రాలడం మొదలై ఉండొచ్చు, ఆలస్యం చేయకండి.

కప్పులేని పెట్టెలో తప్పకుండా కాసేపు నిలబడండి, కానీ కళ్లజోడు పెట్టుకోండి. బొగ్గు నలుసులు గాలిలో వస్తాయి. మా ఆవిడ తెల్లటి శాలువా మీద పడిన నలుసుని నేను వేలితో రుద్దాను, అరచేయంత నల్లమరక అయింది. రుద్దకూడదు, దులపాలి.

అత్తగారిని మాత్రం మూసిన బోగీలో కూర్చోబెట్టండి. ఆవిడకి చలికన్నా ఎత్తే అసలు టెన్షన్. డెన్వర్ నుంచి ఒక్క రోజులో పరుగెత్తకండి. దారిలో 7,500 అడుగుల ఎత్తున్న అలమోసాలో ఒక రాత్రి పడుకోండి. నీళ్లు బాగా తాగించండి, మందుల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడండి. తిరుగు ప్రయాణానికి రైలు వాళ్ల బస్సు దొరుకుతుంది, అందుకని వచ్చేటప్పుడు కూడా పట్టాల మీదే రానక్కర్లేదు.

ప్రశ్న: రాత్రి ఆర్‌విలో నీళ్లు గడ్డకడితే ఏం చేయాలి?
– ఇంకో పాఠకుడు

జవాబు: ముందే చేయాలి. మొదటి రాత్రి నేను క్యాంపు కుళాయికి గొట్టం తగిలించే పడుకున్నాను, పొద్దున్న అది కర్రలా బిగుసుకుపోయింది. నలుగురం సీసా నీళ్లతో పళ్లు తోముకున్నాం. చీకటి పడకముందే బండిలోని ట్యాంకు నింపుకుని, గొట్టం విప్పి నీళ్లు వంచేసి, లోపలి పంపుతో వాడుకోండి. సింకు కింద గొట్టాలకి గదిలోని వేడి తగిలేలా అల్మారా తలుపులు తెరిచి ఉంచండి.

రెండో తప్పు: గ్యాస్ ఆదా అవుతుందని చిన్న కరెంటు హీటరు పెట్టాను. మంచం దగ్గర వెచ్చగానే ఉంది, నేల కింద ట్యాంకుల దగ్గరికి మాత్రం వేడి పోలేదు. చాలా బళ్లలో ఆ పని గ్యాస్ ఫర్నేస్‌దే. దాని ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు లేని చోట ఆగితే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. అందుకని ఈ చలికి కరెంటున్న క్యాంపులోనే ఆగండి.

ఎంత చలేసినా స్టవ్ వెలిగించి చేతులు కాచుకోవద్దు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. అలారం పనిచేస్తోందో లేదో బండి తీసుకునేటప్పుడే నొక్కి చూడండి. అన్నం వండుకుంటే ప్రెషర్ కుక్కర్‌లోనే. చామా ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో నేను వండింది పలుకుగానే మిగిలింది, పిల్లలు బ్రెడ్డు తిని పడుకున్నారు.