ఆ రెక్కల తలుపు మూసేసే ముందు

చిరంజీవి చిట్టికి,

పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. నెల్లూరు వేదాయపాళెంలో మీరు కొన్న ఇంటి ఫొటోలు మీ పెద్దమ్మ ఫోన్లో చూపించింది. పాత ఇల్లయినా గోడలు గట్టిగా ఉన్నాయి, వెలుతురు బాగా వస్తోంది. నాకు నచ్చింది.

పడగ్గదిలో బట్టల అలమరకీ, వంటింటి పక్కన సామాన్ల గదికీ ఉన్న రెక్కల తలుపులు, అదే అడ్డంగా పల్చటి చెక్కపట్టీలు సందు సందుగా బిగించినవి, నీకు నచ్చలేదని, రెండు వైపులా ప్లైవుడ్ కొట్టించి పైన మైకా వేయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీ విసుగు నాకు అర్థమవుతుంది. ఒక్కో రెక్కా తుడుచుకుంటూ పోతే పూట గడిచిపోతుంది. పైగా ఆ ముదురు గోధుమ రంగు గదినంతా చీకటి చేస్తోంది. మార్చుకో తల్లీ, నేను వద్దనను. కానీ ఆ రెక్కలు గాలి కోసం పెట్టినవి. ఎలా మార్చినా సరే, గాలి దారి మాత్రం మూయొద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

కావలిలో మన ఇంట్లోనూ ఇలాంటి తలుపే ఉండేది. చిన్నప్పుడు నువ్వు వేసవి సెలవులకి వచ్చి దాని సందుల్లో అగ్గిపుల్లలు దూర్చి ఆడుకునేదానివి. కలప అడితిలో అన్నేళ్లు పనిచేసినవాణ్ణి, ఒక ఎండాకాలం నేనే కూర్చుని దానికి రెండు పక్కలా ప్లై బిగించి, సందులన్నీ పుట్టీతో పూడ్చేశాను. చూడ్డానికి తలుపు నున్నగా, కొత్తదానిలా వచ్చింది. ఆ ఏడు దీపావళి వెళ్లాక ముసురు పట్టింది. వారం రోజులు ఎండ పొడ లేదు. ఏదో పెళ్లికని మీ పెద్దమ్మ పట్టుచీర తీస్తే మడతల వెంబడి బూడిదరంగు బూజు చుక్కలు, ముక్కిపోయిన వాసన. తడిగుడ్డతో తుడిస్తే చుక్క పోయింది గానీ, ఆ చోట చీర రంగు కూడా పోయింది. అది ఆమె పెళ్లినాటి చీర. మర్నాడే లోపలి ప్లై ఊడదీసి, బయటి ప్లైకి పైనా కిందా సందు కోశాను. మన జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు గాలిలో ఉండే చెమ్మంతా మూసిపెట్టిన అలమరలో చేరి బట్టల్లోకి దిగుతుంది.

సామాన్ల గది సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఫొటోలో ఆ తలుపు వెనక గ్యాసు సిలిండరు కనిపించింది, దాని పక్కనే ఇన్వర్టరు, బ్యాటరీ కూడా ఉన్నాయి. ఈ ఉత్తరంలో చెప్పినవాటిలో ఇంకేం చేసినా చేయకపోయినా, ముందు ఇన్వర్టరునీ బ్యాటరీనీ అక్కణ్ణుంచి తీయించు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే నేలమీద పరుచుకుంటుంది, తలుపు కింది సందుల్లోంచే బయటికి రావాలి. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ తేలిక, అది పైకి పోతుంది. రెండూ అంటుకునేవే, ఇన్వర్టరులో నిప్పురవ్వ పుట్టడానికి క్షణం చాలు. అందుకని ఆ తలుపుకి ప్లై మాట ఎత్తొద్దు. రంగు మార్చి వదిలెయ్.

రంగుతోనే సగం పని అయిపోతుంది, చూడు. గోడకి వేసిన రంగే తలుపుకీ వేయిస్తే, అది గోడలో కలిసిపోయి కంటికి ఆనదు. తలుపుని బందుల నుంచి విప్పి రెండు బల్లల మీద పడుకోబెట్టి చేయించు. నిలబెట్టి వేస్తే రెక్కల మూలల్లో రంగు కారి గడ్డకడుతుంది. కుదిరితే కంప్రెసరుతో స్ప్రే చేసే మనిషిని పిలువు. బ్రష్షే అయితే అంగుళం బ్రష్షు చాలు. ముందు రెక్కల వెనక వైపు, తర్వాత ముందు వైపు, రెండు కొసల నుంచి మధ్యకి లాగమను. ఒకేసారి చిక్కగా పూయకుండా పల్చగా రెండు పూతలు వేయాలి.

పాత రంగు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒంట్లోకి పోతే విషమయ్యే సీసం ఇంటి రంగుల్లో 90 పీపీఎం, అంటే పది లక్షల్లో తొంభై వంతులు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. మీ తలుపుల రంగు అంతకు చాలా ముందుది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది, మీ బుడ్డోడేమో నేలమీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. వాటర్ పేపరని తడిపి రుద్దే గరుకు కాగితం ఉంటుంది, దాన్ని నీళ్లలో తడిపి, ఒక చెక్కముక్కకి చుట్టి రుద్దమను. ఆ పని పెరట్లోనే జరగాలి, చేసేవాళ్లు మాస్కు కట్టుకోవాలి. ఆ రెండు రోజులు పిల్లాణ్ణి మీ అమ్మ దగ్గర వదులు.

ఇక బట్టల అలమర. నన్నడిగితే దానికీ రంగు వేయించి, లోపలి వైపు ఒక నూలుగుడ్డ కట్టమంటాను. మీ నాయనమ్మ వెంకటగిరి నూలుచీరలు ట్రంకుపెట్టెలో ఊరికే పడున్నాయి. ఒకటి చింపి పైనా కిందా స్ప్రింగు తీగ మీద కడితే దుమ్ము ఆగుతుంది, గాలి ఆడుతుంది, నెలకోసారి తీసి ఉతుక్కోవచ్చు. సామాన్ల గది తలుపుకి గుడ్డ బదులు దోమల జాలి బిగించు. నెల్లూరు దోమల గురించి నీకు నేను చెప్పాలా!

లేదు పెద్దనాన్నా, నాకు నున్నటి తలుపే కావాలంటావా, సరే. అలమర తలుపుకి బయటి వైపు మాత్రమే 4 ఎం.ఎం. ప్లై వేయించు. ఐ.ఎస్. 710 అని ముద్ర ఉందో లేదో షీటు మీద నువ్వే చూసుకో, అది నీళ్లకి తట్టుకునే రకం. ప్లైని ఫ్రేము కన్నా పొట్టిగా కోయించి, పైనా కిందా రెండేసి అంగుళాలు రెక్కలు బయటికి కనిపించేలా వదిలెయ్. ఫెవికాల్ పెట్టొద్దు, స్క్రూలే వాడమను, రేపు వద్దనుకుంటే విప్పుకోవచ్చు. స్క్రూలు చుట్టూ ఉన్న ఫ్రేములోకే దిగాలి. రెక్కలు పల్చన, వాటిలోకి దించితే చీలిపోతాయి. మైకా ఒక పక్కే అతికిస్తే పల్చటి ప్లై కొన్నాళ్లకి వంగిపోతుంది, వెనక వైపు కూడా పల్చటి షీటు వేయమను. బరువు పెరుగుతుంది కాబట్టి మూడో బందు అవసరం. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య రూపాయి బిళ్ల మందాన సందు ఉండాలి. వానల్లో చెక్క ఉబ్బినప్పుడు తలుపు పట్టేయదు.

ఈ పనులేవీ ఇప్పుడు ముసురులో మొదలుపెట్టొద్దు. రంగు ఆరదు, చెక్క కొలతలూ సరిగా రావు. సంక్రాంతి వెళ్లాక పిలిపించు. కార్పెంటరుకి అడ్వాన్సు ఇచ్చేశానని మొహమాటపడకు, పని మారిందని నేను మాట్లాడతాను, అతని నంబరు పంపు.

ఇన్వర్టరు మార్చే పని మాత్రం రేపే చేయించు. ఆదివారం మీ పెద్దమ్మా నేనూ పొద్దున రైలుకి వస్తున్నాం. టేపు, స్క్రూడ్రైవరు నేను తెస్తాను. అలమర ఖాళీ చేసి ఉంచు.

ఇట్లు
మీ పెద్దనాన్న