తాగుడు మానినవారు మూడ్ మాత్రలు కూడా మానాలా?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మావారి వయసు 38. బైపోలార్ (మనసు మితిమీరిన హుషారుకూ దిగులుకూ మధ్య ఊగే) జబ్బు ఉందని నాలుగేళ్ల క్రితం డాక్టర్లు మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం రాశారు. తాగుడు అంతకు ముందు నుంచే ఉంది. నిరుడు డిఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాక కొన్ని నెలలు చుక్క ముట్టలేదు. అక్కడ పరిచయమైన మిత్రుడొకరు ‘ఈ మాత్రలు కూడా మత్తే’ అనడంతో నెల క్రితం లిథియం ఆపేశారు. ఇప్పుడు రాత్రి మూడు గంటలు కూడా పడుకోవడం లేదు, అయినా అలసట లేదు. అడిగినవారికల్లా డబ్బులిస్తున్నారు. పది రోజులుగా నిద్ర కోసమంటూ రోజూ తాగుతున్నారు. తాగుడు మాన్పించే మాత్ర పొడిచేసి కూరలో కలపమని మా ఆడపడుచు చెబుతోంది. ముందు ఏ జబ్బుకు వైద్యం చేయించాలి? తాగిన రోజు లిథియం ఇవ్వవచ్చా? — ఒక సోదరి

జవాబు: అమ్మా, కూరలో ఏమీ కలపవద్దు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను అది పేరుకుపోయేలా చేస్తుంది కనుక, దానిమీద తాగితే వాంతులై, గుండెదడ వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. చివరి మాత్ర తరువాత రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. కొందరిలో అది మేనియాను, అంటే బైపోలార్‌లోని మితిమీరిన హుషారు దశను కూడా పెంచుతుంది. తెలిసి, ఒప్పుకొని, పరీక్షలు చేయించుకొని వాడవలసిన మందు అది. చాటుగా పెట్టిన సంగతి ఎప్పుడో ఒకనాడు బయటపడక మానదు. ఆ తరువాత మీ చేతి అన్నాన్నే కాదు, మీరిచ్చే ఏ మాత్రనూ ఆయన నమ్మరు.

నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, డబ్బు పంచిపెట్టడం చూస్తే మేనియా మొదలైనట్టే అనిపిస్తోంది. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయలేను గాని, ఒకటి రెండు రోజుల్లోనే సైకియాట్రిస్టుకు చూపించవలసిన పరిస్థితి ఇది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజామున ఆ నిద్రను చెడగొడుతుంది; చెడిన నిద్ర మేనియాను పెంచుతుంది; మేనియాలో ఉన్న మనిషికి తాగుడు మీద అదుపు ఉండదు. అందువల్ల ‘ముందు తాగుడు మాని రండి, తరువాత మనసు సంగతి చూద్దాం’ అనే వైద్యంతో నేను ఏకీభవించను. రెండింటినీ ఒకే డాక్టరు, లేదా ఒకరితో ఒకరు మాట్లాడుకునే డాక్టర్లు, ఒకేసారి చూడాలి. తాగేవారిలో కనిపించే దిగులును జబ్బుగా నిర్ధారించే ముందు మానేశాక రెండు నుంచి నాలుగు వారాలు గమనించే పద్ధతి ఉన్నమాట నిజమే, కానీ బైపోలార్ అని ముందే తేలినవారి విషయంలో అలా వేచి ఉండకూడదు.

ఆ మిత్రుడు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అయితే లిథియం మత్తు ఇవ్వదు, దానికోసం ఎవరూ అలమటించరు. దాన్ని హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం, ఆత్మహత్య ముప్పు పెరుగుతాయి. 1935లో మొదలైన, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే వారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ సైతం సభ్యులు డాక్టరు పాత్ర పోషించకూడదని తన ప్రచురణల్లోనే చెప్పింది. ఆ స్నేహాన్ని, హైదరాబాద్‌లో జరిగే ఆ మీటింగులను మీవారు వదులుకోవద్దు. మాత్రల మాట మాత్రం డాక్టరుకు వదిలేయాలి.

నెల రోజులు ఆపిన లిథియంను ఇంట్లో మీరే మళ్లీ మొదలుపెట్టకండి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చూసి డాక్టరు మొదలుపెడతారు. ఆ తరువాత రక్తంలో దాని స్థాయి చూడాలి: రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. తాగారన్న కోపంతో మాత్ర దాచేయడం సరికాదు. అయితే వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే తరువాతి మాత్ర ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లిథియం ఎక్కువైన మనిషి తాగినవాడిలాగే తూలుతాడు, దాంతో ఇంట్లోవాళ్లు ‘తాగి పడుకున్నాడులే’ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో కొన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వాడినా రక్తంలో లిథియం స్థాయి పెరుగుతుంది. నిద్రమాత్రలు మాత్రం మద్యం మీద ఎన్నడూ ఇవ్వకండి.

రోజూ తాగుతున్నవారిని ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించకూడదు. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతిభ్రమ రావచ్చు. కల్లు కాంపౌండుకు వెళ్లే అలవాటు కూడా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి; కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు ఆగినా ఇవే ప్రమాదాలు వస్తాయి.

ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో రెండు సమస్యలకూ చికిత్స ఉంది. ప్రైవేటులో చేర్పించేటట్టయితే మీ బీమా సంస్థతో మాట్లాడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. ఆయన రానని మొండికేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు మీరే ఫోన్ చేయండి, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వచ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108ని పిలవండి.