సంతకం పెట్టే ముందు ట్యాంకు కొలిచి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అలాస్కా వెళ్లే పెద్ద క్రూయిజ్ ఓడలో జూనియర్ ఇంజనీరుగా చేరుతున్నావని అక్కయ్య చెప్పగానే ఎంత సంతోషించానో, అంత కలవరమూ కలిగింది. నీ చదువు మీద నాకు అనుమానం లేదు. కానీ వేల మంది తిని, స్నానం చేసి, పడుకునే ఆ ఓడ నీళ్ల మీద తేలే ఓ ఊరు. ఆ ఊరి మురికి సముద్రంలో కలవాలా వద్దా అన్నది చాలావరకు మన ఇంజన్ రూమ్‌లోనే, ఎవరూ చూడని వేళ తేలుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు అక్కడే పనిచేశాను కనుక చెబుతున్నాను.

ముందు బిల్జ్, అంటే ఓడ అడుగున చేరే మురికినీటి సంగతి. పంపు గ్లాండ్ల (ఇరుసు చుట్టూ నీరు కారకుండా బిగించే భాగాల) నుంచి కారే నీరు, ఇంధనం చుక్కలు, నేల కడిగిన నీళ్లు అన్నీ ఓడ అడుగుకే చేరతాయి. ఆ నీటిని, నూనెను వేరుచేసే సెపరేటర్ గుండా పంపి, నూనె పది లక్షల భాగాల్లో 15కు మించకుండా ఉంటేనే బయటికి వదలాలి. మించితే అలారం మోగి, నీరు వెనక్కి ట్యాంకులోకి మళ్లుతుంది. సెపరేటర్ మొండికేసిన రోజే మనిషికి పరీక్ష. కొందరు నూనె శాతం కొలిచే మీటరుకు మంచినీళ్లు పట్టించి నూనె తక్కువున్నట్టు చూపిస్తారు. కొందరు సెపరేటర్‌ను తప్పించి సముద్రంలోకి దొంగ గొట్టం బిగిస్తారు. ఓడల మీద దాని పేరు ‘మ్యాజిక్ పైప్’.

2013లో కరీబియన్ ప్రిన్సెస్ అనే ఓడలో అలాంటి గొట్టాన్ని కనిపెట్టింది కొత్తగా చేరిన ఇంజనీరే. ఓడ సౌతాంప్టన్ చేరగానే ఉద్యోగం వదిలేసి అధికారులకు చెప్పాడు. ప్రిన్సెస్ క్రూయిజెస్ కంపెనీ 2016లో నేరం ఒప్పుకొని 4 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. కొత్తదాన్ని, నా మాట ఎవరు వింటారని నువ్వు ఎప్పుడూ అనుకోకు.

చేరిన మొదటి వారంలోనే డ్రాయింగు చేతపట్టుకుని సెపరేటర్ నుంచి చివరి వాల్వు దాకా ప్రతి గొట్టం వెంటా వెళ్లు. గొట్టాలను నట్లతో కలిపే ఫ్లాంజ్‌ల మీద టార్చి వేసి చూడు. చుట్టూ పాత రంగు చెక్కుచెదరకుండా ఉండి, నాలుగు నట్ల అంచుల్లో మాత్రం రంగు ఊడి ఇనుము మెరుస్తుంటే, ఈమధ్యే ఎవరో అక్కడ స్పానరు పెట్టారన్నమాట. ఎందుకు విప్పారో అడుగు.

నేను అడగలేదమ్మా. నా రెండో ఓడలో పై అధికారి బిల్జ్ ట్యాంకు కొలతలు రాసేసి సంతకం పెట్టమంటే పెట్టాను. ఆ తర్వాత ట్యాంకు లోతు కొలిచే సౌండింగ్ టేపు దింపి చూస్తే, పుస్తకంలో రాసినదానికంటే నీరు బాగా తక్కువుంది. తేడా ఎటు పోయిందో తెలిసి కూడా నోరు మెదపలేదు. ఆ పేజీ ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అందుకే ఈ లెక్కలన్నీ రాసే ఆయిల్ రికార్డ్ బుక్‌లో నీ చేత్తో కొలవని అంకెకు సంతకం చేయకు. పొరపాటు రాస్తే ఒక్క గీత కొట్టు, కింది అంకె కనబడాలి. ఒత్తిడి చేస్తే ఓడలోని పర్యావరణ అధికారికి చెప్పు. ఆయనా పట్టించుకోకపోతే, గట్టు మీద కంపెనీ నియమించిన బాధ్యుడి ఫోను నంబరు నోటీసు బోర్డులో ఉంటుంది, దాన్ని ముందే రాసి ఉంచుకో.

అసలు సెపరేటర్‌కు పని తగ్గించడమే మంచిది. కారే గ్లాండును ఆ పూటే బిగించు. నేల కడగడానికి దొరికిన సబ్బల్లా వాడనివ్వకు. కొన్ని సబ్బులకు నూనె నీటిలో కలిసి పాలలా తెల్లబడుతుంది, ఎంతసేపు నిలబెట్టినా తేటపడదు.

వంటశాల నీ పరిధి కాకపోయినా అక్కడి వాళ్లతో స్నేహంగా ఉండు. పిండి చేసిన ఆహార వ్యర్థాలను తీరానికి దూరంగా వదలవచ్చు గానీ, ప్లాస్టిక్‌ను ఏ సముద్రంలోనూ వదలకూడదు. అయినా వెన్న డబ్బీలు, స్ట్రాలు అన్నంలో కలిసి పోతుంటాయి.

అలాస్కాలోని జూనో రేవులో 2001 నుంచే క్రూయిజ్ ఓడలకు గట్టు మీది కరెంటు అందుతోంది, అది జలవిద్యుత్తు. కేబుల్ తగిలించి జనరేటర్లు ఆపడం శ్రమే. అవకాశం ఉన్న ప్రతిసారీ ఆ శ్రమ పడు.

నా టార్చికి కొత్త బ్యాటరీలు వేసి అక్కయ్యకు పంపించాను. నీ పెట్టెలో పెట్టుకో. మొదటి వాచ్ (డ్యూటీ వంతు) ముగిశాక ఫోను చెయ్యి, ఏ వేళైనా సరే.

మామయ్య
విశాఖపట్నం