ముఖం వైపు తిరిగిన కెమెరా

ప్రశ్న: మాస్టారూ, మా ఆయన లారీ డ్రైవరు. గుంటూరు మిర్చి యార్డు నుంచి చెన్నై, కోల్‌కతా లోడ్లకు వెళ్తుంటారు. ఈమధ్య ఓనరు గారు లారీలో రెండు కెమెరాలు బిగించారు. ఒకటి రోడ్డు వైపు, ఒకటి ఈయన ముఖం వైపు. కళ్లు మూతపడితే కూత పెడుతుందట. "ఇన్నేళ్లు బండి నడిపాక నన్ను దొంగలా చూస్తారా" అని ఈయన దాని మీద తువ్వాలు కప్పేస్తున్నారు. నాకేమో అది ఉంటేనే ధైర్యం. ఎలా నచ్చజెప్పాలి?
- ఒక డ్రైవరు భార్య, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఆయన కోపాన్ని తేలిగ్గా తీసుకోకండి. విజయవాడలో ఆర్టీసీ డ్రైవర్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చినవాణ్ణి నేను. తప్పు పట్టడానికే పక్కన కూర్చున్నారని తెలిస్తే ఎంత మంచి డ్రైవరుకైనా చేతులు బిగుసుకుంటాయి. ఆ వీడియో ఎవరు చూస్తారు, దాన్ని బట్టి జీతం కోస్తారా అన్నది ఓనరు గారు ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది.

ఇక కెమెరా సంగతి. అది రెప్పలు ఎంతసేపు మూసుకుని ఉన్నాయో, తల వాలుతోందో లేదో గమనిస్తుంది. మామూలుగా రెప్ప వేస్తే సెకనులో చిన్న వంతు. నిద్ర ముంచుకొస్తే అదే రెండు మూడు సెకన్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది. తెల్లవారుజామున మంగళగిరి దాటాక హైవే పక్కన వెనక లైటు లేని లారీ ఆగి ఉంటే, ఆ 50 మీటర్లే ప్రాణం. అంత చిన్న కునుకు పట్టినట్టు డ్రైవరుకే తెలియదు. "నేను నిద్రపోలేదు" అని ఒట్టు పెట్టి చెబుతాడు, అది అబద్ధం కాదు. అందుకే ఇక్కడ ఎంత సర్వీసున్నా సరిపోదు, బయటి నుంచి ఒకరు లేపాలి.

రోడ్డు వైపు కెమెరా ముందున్న బండిని ఎంతసేపట్లో గుద్దే అవకాశం ఉందో లెక్కగట్టి ముందే కూస్తుంది. ఇలా తర్వాత బిగించేవి ఎక్కువగా కూయడం వరకే, బ్రేకు వేయవు. ఈ తేడా మీ ఆయనకు తప్పకుండా తెలియాలి. బ్రేకు తానే వేసేది కంపెనీలోనే బిగించి వస్తుంది, యూరప్‌లో కొత్త భారీ వాహనాలకు 2015 నుంచి అది తప్పనిసరి. మన దగ్గర, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా 2021లో నాగ్‌పూర్‌లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టు సిటీ బస్సుల్లో ఇలాంటి హెచ్చరిక పరికరాలు పెట్టింది, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోకీ వచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కూత మళ్లీ మళ్లీ ఒకే చోట వస్తుంటే ఆ రోడ్డులో లోపమేమిటో వెతుకుతారు. డ్రైవరునొక్కడినే నిలదీయరు.

మీ ఆయనకు ముందు రోడ్డు వైపు కెమెరా గురించి చెప్పండి. బైకు అడ్డంగా దూరినా, జనం పట్టుకుని కొట్టేది పెద్దబండి డ్రైవరునే. ఆ రోజున ఆయన తరఫున సాక్ష్యం చెప్పేది ఆ వీడియో. ఈ మాట చాలామంది డ్రైవర్లకు వెంటనే ఎక్కుతుంది.

ఓనరు గారికీ ఒక మాట. కూత వచ్చిందంటే బండి పక్కకు తీసి పదిహేను ఇరవై నిమిషాలు పడుకోవచ్చని డ్రైవరుకు నోటితో చెప్పండి. లోడు లేటైతే ఫోన్‌లో అరవకండి. ఎప్పుడో 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి అరగంట విరామం అంది. కెమెరా వల్ల మీకూ లాభముంది: దాని కూత విని ముందు బండికి దూరం పాటించే డ్రైవరు సడన్ బ్రేకులు వేయడు. లోడు బండి వేగం అందుకోవడానికి తాగిన డీజిలంతా ప్రతి సడన్ బ్రేకుకీ డ్రమ్ముల దగ్గర వేడైపోతుంది, టైర్లూ అరుగుతాయి.

ప్రశ్న: కొత్త కారులో ఏడాస్ (కెమెరాలు, సెన్సర్లతో డ్రైవరుకు సాయపడే ఏర్పాటు) ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర బైకులు దూరితే తానే బ్రేకు వేస్తోంది. వెనకవాడు గుద్దుతాడేమోనని టెన్షన్. ఆఫ్ చేయనా?
- పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: రోడ్డు మీద గీతలు సరిగా లేని ఊళ్లో, బండిని గీతల మధ్య ఉంచే లేన్ సహాయం ఆపుకోండి, ఫర్వాలేదు. అత్యవసర బ్రేకును మాత్రం ఆపకండి. హెచ్చరిక దూరం తగ్గించే సెట్టింగ్ ఉందేమో చూడండి. ముందు అద్దం లోపలి కెమెరాకు అడ్డంగా స్టిక్కరు, దండ ఉన్నాయేమో కూడా చూడండి. ముందు అద్దం మార్పిస్తే కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిచూసి సర్దాలి. అది చేశారో లేదో బిల్లు కట్టేముందే అడగండి.