బ్రెగ్జిట్ చర్చలప్పుడు బ్రిటన్ జనం అంతగా ఎందుకు విసిగిపోయారు? అక్కడ ఉన్నవాళ్ళు చెప్పగలరా?

ఆ రోజుల్లో నేను ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్న తగువు గురించి మీరు చాలా చదివే ఉంటారు. కానీ నేను చూసినంతలో జనాన్ని ఎక్కువగా వేధించింది, బయటికి వస్తామని తేల్చేశాక ఎలా వస్తారో, ఎప్పుడు వస్తారో మూడున్నరేళ్ళపాటు ఎవరూ చెప్పలేకపోవడం. రావాలన్నవాళ్ళకీ వద్దన్నవాళ్ళకీ ఒకేలా ఒళ్ళు మండిన విషయం అదే.

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది వైదొలగమన్నారు. స్విండన్‌లోనైతే 54.7 శాతం. బ్యాలెట్ మీద ఉన్నవి రెండే మాటలు: కొనసాగడం, వైదొలగడం. వైదొలిగాక కస్టమ్స్ యూనియన్‌లో (లోపల సుంకాలు లేకుండా, బయటి సరుకుకి అందరూ ఒకే సుంకం వేసే ఏర్పాటు) ఉంటారా, నార్వేలాగా సింగిల్ మార్కెట్‌లో (సరుకులూ మనుషులూ స్వేచ్ఛగా తిరిగే ఉమ్మడి మార్కెట్) ఉంటారా, అన్నీ తెంచుకుంటారా అని ఎవరూ అడగలేదు. మా టీమ్‌లోని ఒక పెద్దాయన తమ చట్టాలు తామే చేసుకోవాలని ఓటేశారు. మా వీధిలోని ఎలక్ట్రీషియన్ తూర్పు యూరప్ నుంచి వచ్చే పనివాళ్ళ వల్ల తన రేటు పెరగడం లేదని వేశాడు. ఇద్దరూ వేసింది ఒకే గడిలో. ఇద్దరూ ఒప్పుకునే ఒప్పందం మాత్రం ఎక్కడా లేదు. పైగా వైదొలగాలన్న తీర్పు వస్తే ఏం చెయ్యాలో డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం ముందుగా ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఫలితం రాగానే ఆయన రాజీనామా చేసి తప్పుకున్నారు.

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. వర్క్ వీసా మీదున్న నాకు ఆ రెఫరెండంలో ఓటు ఉంది, కామన్వెల్త్ దేశం పౌరుణ్ణి కాబట్టి. కొనసాగాలనే వేశాను. మా పక్కింటి గోవా కుటుంబానికి మాత్రం ఓటు లేదు. స్విండన్‌లో గోవావాళ్ళు చాలామంది ఉంటారు. పెద్దలు 1961కి ముందు, గోవా పోర్చుగల్ పాలనలో ఉన్నప్పుడు పుట్టినవాళ్ళు కావడంతో వీళ్ళకి పోర్చుగీసు పాస్‌పోర్టులు వచ్చాయి, దాని మీద బ్రిటన్‌కి వచ్చి స్థిరపడ్డారు. మా పక్కింటాయన నాకంటే చాలా ముందు వచ్చి, వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టులు చేస్తూ పన్ను కడుతున్న మనిషి. తన బతుకు గురించి జరిగిన ఓటులో తనకే చోటు లేదు. తర్వాత బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్‌తో మొదట చర్చకు వచ్చినవాటిలో ఆయనలాంటివాళ్ళ హక్కులు ఒకటి. 2017 డిసెంబరుకి దాని మీద అంగీకారం కుదిరింది కూడా. కానీ మొత్తం ఒప్పందం ఖాయమైతే తప్ప ఏదీ ఖాయం కానట్టేనన్న షరతు ఉండటంతో అదీ గాల్లోనే ఉండిపోయింది. 2019లో, యూరోపియన్ యూనియన్ పౌరులు బ్రిటన్‌లో ఉండిపోవడానికి దరఖాస్తు చేసుకునే సెటిల్‌మెంట్ స్కీమ్ తెరిచినప్పుడు పాస్‌పోర్టు స్కాన్ చేసే యాప్ ఆండ్రాయిడ్ ఫోన్లలోనే పనిచేసేది. వాళ్ళింట్లో అందరివీ ఐఫోన్లు. నా ఫోన్‌తోనే ఒకరి తర్వాత ఒకరు మా వంటగది బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు చేసుకున్నారు. ఇన్నేళ్ళు ఉన్న దేశంలో ఉండనివ్వమని అడగాల్సి రావడం ఆ పక్కింటావిడకి చాలా కష్టంగా తోచింది.

ఇక చర్చల సంగతి. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరెసా మే 2017 మార్చి 29న ఆర్టికల్ 50 (యూనియన్ నుంచి వైదొలగే పద్ధతి చెప్పే ఒప్పంద నిబంధన) కింద నోటీసు ఇచ్చారు. ఆ రోజు నుంచి రెండేళ్ళ గడువు మొదలు. ఇంట్లో ఒక మాట మీదకి రాకుండానే గడియారం తిప్పేశారు. నా ఉద్దేశంలో అసలు తప్పు ఇదే. రెండు నెలలు తిరగ్గానే ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు, ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీకి చెందిన 10 మంది ఎంపీల మీద ఆధారపడ్డారు. చివరికి పీటముడి పడింది కూడా ఆ ఉత్తర ఐర్లండ్ దగ్గరే.

ఆ ముడి ఇది. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం, మిగతా ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. మధ్యలో సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు. దశాబ్దాల హింస తర్వాత 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో శాంతి వచ్చింది, అక్కడి చెక్‌పోస్టులు పోయాయి. వాటిని మళ్ళీ పెట్టకూడదని అందరూ అన్నారు. కస్టమ్స్ యూనియన్ వదిలేయాలని బ్రెగ్జిట్ వర్గం పట్టుబట్టింది, వదిలేస్తే ఎక్కడో ఒకచోట సరుకుల తనిఖీలు తప్పవు. అలాగని ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య సముద్రంలో తనిఖీలు పెడితే డీయూపీ ఒప్పుకోదు. ఈ మూడూ కలిసి సాధ్యం కావు. ఆ మాట జనానికి సూటిగా చెప్పిన నాయకులు చాలా తక్కువ. వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తాన్నీ కస్టమ్స్ ఏర్పాటులో ఉంచే 'బ్యాక్‌స్టాప్' పెట్టి మే ఒప్పందం తెచ్చారు. ఒకసారి అందులో ఇరుక్కుంటే సొంతంగా బయటపడలేమని ఆమె పార్టీవాళ్ళే ఎదురుతిరిగారు.

2019 జనవరి 15న పార్లమెంటు దాన్ని 202కి 432 ఓట్లతో తిప్పికొట్టింది. మార్చిలో మళ్ళీ రెండుసార్లు. మధ్యలో ఎంపీలు తామే ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెట్టుకుని ఎనిమిదింటినీ ఓడించారు. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. మా ఆఫీసులో రెండు వర్గాలవాళ్ళూ పక్కపక్కనే కూర్చుని ఫోన్లలో ఆ ఓటింగు చూసేవాళ్ళు. అంతకుముందు మాట్లాడుకోవడం మానేసినవాళ్ళు కూడా ఆ సభను తిట్టడంలో ఒకటయ్యారు. బ్రెగ్జిట్ రద్దు చెయ్యమన్న పిటిషన్ మీద 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. బయటపడాల్సిన మార్చి 29 వచ్చి వెళ్ళిపోయిన రోజున, మోసపోయామంటూ వైదొలగాలన్న వర్గం పార్లమెంటు ముందు గుమిగూడింది. గడువు ఏప్రిల్ 12కి, తర్వాత అక్టోబరు 31కి, ఆ తర్వాత 2020 జనవరి 31కి జరిగింది.

ఈలోగా మామూలు బతుకులు నడవాలి కదా. ఒప్పందం లేకుండా తెగిపోతే ఎందుకైనా మంచిదని, ఆరు వారాలకు సరిపడా మందులు అదనంగా నిల్వ పెట్టమని ప్రభుత్వమే కంపెనీలకు చెప్పింది. మధుమేహమున్న పిల్లవాడి తల్లి, మా సహోద్యోగి, ఇన్సులిన్ గురించి నిద్రపోని రోజులున్నాయి. 2019 ఫిబ్రవరిలో స్విండన్ హోండా ఫ్యాక్టరీ 2021లో మూసేస్తామని ప్రకటించారు, 3,500 ఉద్యోగాలు. కారణం బ్రెగ్జిట్ కాదని కంపెనీ చెప్పింది. ఊళ్ళో దాన్ని నమ్మినవాళ్ళూ నమ్మనివాళ్ళూ చాన్నాళ్ళు వాదించుకున్నారు. ఇంటికి డబ్బు పంపే మనవాళ్ళ సంగతికొస్తే, రెఫరెండం ముందు వంద రూపాయల దగ్గరున్న పౌండు ఆ అక్టోబరుకే 82 దరిదాపులకు పడిపోయింది.

మే తప్పుకున్నాక ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ 2019 డిసెంబరు ఎన్నికల్లో "గెట్ బ్రెగ్జిట్ డన్" (బ్రెగ్జిట్ పని ముగించేద్దాం) అనే ఒక్క నినాదంతో 365 సీట్లు తెచ్చుకున్నారంటే ఈ విసుగు ఆయనకు బాగా కలిసొచ్చింది. కొనసాగాలని ఓటేసినవాళ్ళలోనే కొందరు, ఏదో ఒకటి తేలితే చాలని ఆయనకు వేశామని నాతో అన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. డీయూపీ వద్దన్న సముద్రపు తనిఖీలే జాన్సన్ ఒప్పందంలోకి వచ్చాయి. వాటిమీద తగువు తీర్చడానికి 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.