రేటింగ్ 9 ఉంటే మంచి బడేనా?

"అక్కా, డాలస్ దగ్గర ఇల్లు చూస్తున్నాం. ఒక చోట స్కూల్ రేటింగ్ 9, ఇంకో చోట 6. అద్దెలో నెలకి ఐదు వందల డాలర్లు తేడా. ఏది తీసుకోమంటారు?"

వేసవిలో బెంగళూరు వచ్చి వైట్‌ఫీల్డ్‌లో చెల్లెలి ఇంట్లో ఉన్నన్ని రోజులూ నేను ఎక్కువగా వినేది ఈ ప్రశ్నే. ఆ చుట్టుపక్కల, మారతహళ్లి నుంచి హూడి దాకా, మన తెలుగు కుటుంబాలు ఎన్నో. గుంటూరు వాళ్లు, కడప వాళ్లు, అనంతపురం వాళ్లు, మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్నవాళ్లు. వాళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు చెన్నైలో వీసా స్టాంపింగ్ ముగించుకుని పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. పిల్లలు చిన్నవాళ్లయితే పెద్దగా భయపడరు. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లుంటే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్ సహజమే. అమెరికా బడుల్లో పిల్లలు మారిపోయేది, కొత్తవాళ్లు తప్పిపోయేది ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉండే ఆ మిడిల్ స్కూల్లోనే.

నేను న్యూజెర్సీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. రేటింగ్ గురించి నా మాట సూటిగా చెప్తాను. ఆ అంకె బడిలో చదువు ఎలా చెప్తారో చెప్పేదానికన్నా, ఆ పేటలో తల్లిదండ్రులు ఎంత సంపాదిస్తారో ఎక్కువ చెబుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బెంగళూరులో మనం మొదట బడి చూసుకుంటాం, సీబీఎస్‌ఈనా ఐసీఎస్‌ఈనా అని తేల్చుకుంటాం, ఫీజు కడతాం, బస్సు ఎంత దూరం నుంచైనా వస్తుంది. అమెరికా ప్రభుత్వ బడుల్లో ఇల్లే బడిని నిర్ణయిస్తుంది. ఫీజు లేదు, డొనేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు. మీ అడ్రస్ ఏ బడి పరిధిలోకి వస్తే మీ పిల్లలది ఆ బడి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి చూపిస్తే చేర్చుకుంటారు. అందుకే మనవాళ్లు ఇళ్ల వెబ్‌సైట్లో కనిపించే రేటింగ్‌ని పట్టుకుని అద్దె కడతారు.

ఊరి పేరు చూసి మోసపోకండి. డాలస్ దగ్గరి ఫ్రిస్కో ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే స్థానిక సంస్థ పరిధిలో, ఉండవు. కొన్ని లూయిస్‌విల్‌కి, కొన్ని ప్రాస్పర్‌కి, కొన్ని లిటిల్ ఎల్మ్‌కి వెళ్తాయి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కొన్ని వీధులు కూపర్టినో డిస్ట్రిక్ట్‌లో ఉంటాయి. ఆ కూపర్టినోలోనూ మిడిల్ స్కూల్ ఒక డిస్ట్రిక్ట్‌ది, హైస్కూల్ వేరే డిస్ట్రిక్ట్‌ది. అడ్వాన్స్ కట్టే ముందు డిస్ట్రిక్ట్ వాళ్ల సొంత వెబ్‌సైట్లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి. టెక్సాస్‌లో కొత్త కాలనీలు లేస్తున్న చోట సరిహద్దులు తరచు మారుస్తారు. ఫోన్ చేసి అడిగితే చెప్తారు.

ఇక ఆ అంకె సంగతి. ఇళ్ల సైట్లలో కనిపించే 1 నుంచి 10 అంకె గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇచ్చేది. 2015లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రం మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా ఇంగ్లిష్, లెక్కల పరీక్షలు పెట్టి ఫలితాలు బయటపెట్టాలి. రేటింగ్ చాలావరకు ఆ మార్కుల చుట్టూనే తిరుగుతుంది. ఆ మార్కుల సగటేమో అమ్మానాన్నల చదువు, ఆదాయాల వెంట నడుస్తుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ దేశమంతటి డిస్ట్రిక్ట్‌ల మార్కులు పోగేసి చూశారు. సగటు మార్కులు ఎక్కువున్న చోట పిల్లలు ఏడాదికేడాది ఎక్కువ నేర్చుకుంటున్నారనేమీ తేలలేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం షికాగో. బీద పిల్లలు ఎక్కువ, సగటు మార్కులు తక్కువ. కానీ 2009 నుంచి 2014 మధ్య అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా, అయిదేళ్లలో దాదాపు ఆరేళ్ల చదువు నేర్చారని 2017లో ఆయన చూపించారు.

కాబట్టి మీరు వెతకాల్సింది గ్రోత్. నిరుడు ఒక స్థాయిలో ఉన్న పిల్లాడు ఈ ఏడాది ఎంత ముందుకు వెళ్లాడన్న లెక్క. ప్రతి బడి మీద రాష్ట్రాలు ఇచ్చే రిపోర్ట్ కార్డులు ఇంటర్నెట్‌లో అందరికీ ఉంటాయి, బెంగళూరు నుంచే చూడొచ్చు. టెక్సాస్ రిపోర్టులో స్కూల్ ప్రోగ్రెస్ అని విడిగా గ్రేడ్ ఉంటుంది. న్యూజెర్సీలో స్టూడెంట్ గ్రోత్ అని ఒక అంకె ఇస్తారు, ముందు ఏళ్లలో అవే మార్కులు వచ్చిన పిల్లలతో పోల్చి లెక్కగట్టింది. 50 అంటే మధ్యస్థం. కాలిఫోర్నియాలో ఎరుపు నుంచి నీలం దాకా అయిదు రంగులు, వాటిలో ఈ ఏడాది స్థాయితో పాటు నిరుటి నుంచి వచ్చిన మార్పు కూడా కలిసి ఉంటుంది. ఒక బడిలో నూటికి 85 మంది పాసై గ్రోత్ 38 ఉండి, ఇంకో బడిలో 60 మందే పాసై గ్రోత్ 62 ఉంటే నేను రెండోదాని చుట్టూ ఇల్లు వెతుకుతాను. మిగిలిన అద్దె డబ్బుతో పిల్లలకి ఏమైనా చేయొచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనవాళ్లు గుంపుగా ఉన్న పేటల్లో సాయంత్రం అయిదయ్యేసరికి సగం మంది పిల్లలు లెక్కల ట్యూషన్లో ఉంటారు. అక్కడి మార్కులు బడివా, ట్యూషన్‌వా? బెంగళూరులో ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లు చూసిన మీకు ఇది నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

లెక్కల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అక్కడి మిడిల్ స్కూల్లో లెక్కలకి రెండు మూడు దారులు ఉంటాయి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదివితే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్. ఎనిమిదిలో అది పడకపోతే తర్వాత ఎక్కడో ఒకచోట వేసవిలోనో, రెండు క్లాసులు కలిపో అందుకోవాలి. ఆ ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాకి దారి చాలా చోట్ల ఆరో తరగతిలోనే విడిపోతుంది. అంటే మీరు విమానం దిగిన మొదటి వారంలోనే, ఆఫీసు పనుల్లో మీరు మునిగి ఉండగా, ఆ నిర్ణయం జరిగిపోవచ్చు.

అన్ని ఊళ్లూ ఒకలా ఉండవు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా తీసేశారు. ఏళ్ల తరబడి గొడవ జరిగాక 2024లో తిరిగి తేవాలని బోర్డు నిర్ణయించింది. టెక్సాస్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం అయిదో తరగతి రాష్ట్ర లెక్కల పరీక్షలో పై 40 శాతంలో ఉన్నవాళ్లని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో ఎవరూ అడగకుండానే బడివాళ్లు చేర్చాలి, తల్లిదండ్రులు కావాలంటే వద్దనొచ్చు. మరి ఆ పరీక్షే రాయని బెంగళూరు పిల్ల సంగతేమిటి? బడిని అడగాల్సిన ప్రశ్న ఇదే. బయటినుంచి వచ్చిన పిల్లలకి లెక్కల ప్లేస్‌మెంట్, అంటే ఏ లెక్కల క్లాసులో వేయాలన్నది, ఎలా చేస్తారు, పరీక్ష ఉందా, ఎప్పుడు పెడతారు, ఫలితం సరిగా లేదనిపిస్తే మళ్లీ ఎప్పుడు చూస్తారు? దీనికి రాతపూర్వకంగా, వెంటనే, స్పష్టంగా జవాబిచ్చే బడి నాకు మంచి బడి. "రండి, వచ్చాక చూద్దాం" అనేది రేటింగ్ 10 ఉన్నా నేను అనుమానంగానే చూస్తాను.

మీ వంతుగా గత రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, టీసీ, ఇంకా లెక్కల పుస్తకంలో విషయసూచిక పేజీ ఫొటో తీసుకెళ్లండి. మన ఆరో తరగతిలో ఏమేం చెప్తారో, పిల్లల క్లాసులు, బాగోగులు చూసే అక్కడి కౌన్సెలర్‌కి తెలియదు. ఆ పేజీ చూపిస్తే వాదించాల్సిన పని తగ్గుతుంది. అలాగని బలవంతంగా పై క్లాసులోకి తోయించకండి. మన పిల్లలు లెక్క వేగంగా చేస్తారు, కానీ ఎలా చేశావో వాక్యాల్లో రాయమంటే మొదట్లో ఇబ్బంది పడతారు. ఒక్క సెమిస్టర్ కుదురుకోనివ్వండి.

మార్కులు, లెక్కలు అయ్యాక నేను అడిగేది: ఆ బడిలో పిల్లని ఎవరు గమనిస్తారు? బెంగళూరు బడిలో ఒకే సెక్షన్, ఒకే గది, ఒక క్లాస్ టీచర్. పాప రెండు రోజులు దిగులుగా కూర్చుంటే ఆవిడకి తెలిసిపోతుంది. అమెరికా మిడిల్ స్కూల్లో గంట కొట్టగానే టీచర్ కాదు, పిల్లలే గది మారతారు. రోజుకి ఏడెనిమిది సార్లు. ప్రతి గదిలో వేరే పిల్లలు, వేరే టీచరు. భోజనం బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలన్నది కొత్త పిల్లకి ఆల్జీబ్రా కంటే పెద్ద సమస్య. దీన్ని ఆలోచించిన బడులు ఉన్నాయి. కొన్నిటిలో పిల్లల్ని టీములుగా చేసి, ఒక్కో టీముకి అవే నలుగురైదుగురు టీచర్లని పెడతారు. ఆ టీచర్లు వారం వారం కూర్చుని ఒక్కో పిల్లవాడి గురించి మాట్లాడుకుంటారు. కొన్నిటిలో అడ్వైజరీ అని రోజూ కాసేపు ఒకే టీచర్ దగ్గర ఉంటారు. కౌన్సెలర్ ఒకరికి 250 మంది పిల్లలు మించకూడదని వాళ్ల జాతీయ సంఘం సిఫారసు. మీరు చూస్తున్న బడిలో ఒకరికి ఎంతమంది ఉన్నారో అడగండి. కొత్త పిల్లలకి మొదటి వారం తోడుగా ఎవరినైనా పెడతారా అనీ అడగండి.

రిపోర్ట్ కార్డులో హాజరు లెక్క కూడా ఉంటుంది. ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే 180లో 18 రోజులు బడి మానేసిన పిల్లలు ఎంత శాతమో చూపిస్తారు. పిల్లలకి వెళ్లాలనిపించని బడిని ఈ అంకె పట్టిస్తుంది. పాస్ శాతం కంటే ముందు నేను దీన్నే చూస్తాను. దానికి విరుద్ధంగా స్టూడెంట్ టీచర్ రేషియోని అంతగా నమ్మకండి. క్లాసు చెప్పని ప్రత్యేక టీచర్లు కూడా అందులో కలుస్తారు. 15 అని రాసి ఉన్న చోట గదిలో 28 మంది ఉండొచ్చు. "ఆరో తరగతి లెక్కల క్లాసులో ఎంతమంది?" అని నేరుగా అడగడమే దారి.

వాట్సాప్ గ్రూపుల్లో మన తెలుగువాళ్లు ఇచ్చే సలహాల్లో ఒకటి నన్ను బాధపెడుతుంది. "ఆ స్కూల్లో నల్లవాళ్లు, మెక్సికన్లు ఎక్కువ, వద్దు" అంటారు. బడి గురించి ఒక్క ముక్క తెలియకుండా, ఒక్కసారి లోపల అడుగుపెట్టకుండా అనే మాట అది. మనం కూడా రంగు తేడా ఉన్నవాళ్లమే, పరాయి దేశానికి బతుకుతెరువు కోసం వెళ్తున్నవాళ్లమే. ఆ పిల్లల మధ్య మన పిల్లలు బాగా చదువుకున్న బడులు నేను చూశాను. గ్రోత్ చూడండి, హాజరు చూడండి, వెళ్లి కళ్లతో చూడండి. ఆ మూడూ బాగుంటే పిల్లల ఒంటి రంగు మీకు చెప్పేదేమీ లేదు. "మనవాళ్లు బాగా ఉన్నారు" అన్నదీ అలాంటిదే. మొదటి ఏడాది కారు పంచుకోవడానికి, పండగలకి అది ఆసరా, కాదనను. కానీ ప్రతి పార్టీలో ఎవరి పిల్ల ఏ లెక్కల క్లాసులో ఉందన్న పోలిక పన్నెండేళ్ల పిల్లల్ని నలిపేస్తుంది.

సలహా అడిగేటప్పుడు ఫస్ట్ వచ్చే పిల్లల తల్లిదండ్రుల్ని కాదు, మధ్యస్థంగా చదివే పిల్లల అమ్మానాన్నల్ని పట్టుకోండి. వాళ్ల పిల్లకి ఇబ్బంది వచ్చినప్పుడు బడి ఎన్నాళ్లకి ఫోన్ చేసిందో, ఎవరు చేశారో కనుక్కోండి. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. బెంగళూరులో బడివాళ్లు టీసీ ఇచ్చేస్తారేమోనని విషయం దాచిపెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. అక్కడ దాచొద్దు. 1975 నుంచి ఉన్న చట్టం ప్రకారం, పరీక్షించి వైకల్యమో, నేర్చుకోవడంలో ప్రత్యేక లోపమో ఉందని తేలిన పిల్లలకి కావలసిన సాయం ప్రభుత్వ బడే ఉచితంగా చేయాలి. పిల్లని పరీక్షించమని మీరు ఉత్తరం రాసి ఇస్తే పని మొదలవుతుంది.

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. తెలుగు అనే రాయండి. ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది దాటేస్తారు. భయపడి అబద్ధం రాయక్కర్లేదు. టీకాల విషయం బెంగళూరులో ఉండగానే చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో ఆరు, ఏడు తరగతులకి టీడాప్ కావాలి, అంటే ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకి కలిపి వేసే టీకా. మన ప్రభుత్వ పట్టికలో పదేళ్లకి ఇచ్చేది టీడీ, అందులో కోరింత దగ్గు టీకా ఉండదు. అలాగే తట్టు, రుబెల్లాలకి వేసే ఎమ్మార్ సరిపోదు, గవదబిళ్లలు కూడా కలిసిన ఎమ్మెమ్మార్ అడుగుతారు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు, అక్కడ అడుగుతారు. మీ పిల్లల డాక్టర్‌తో మాట్లాడి కార్డు మీద తేదీలు స్పష్టంగా రాయించుకోండి.

ఇవన్నీ కనుక్కోవడానికి ఒక గడువు ఉంది. టెక్సాస్ బడులు మే నెలాఖరుకి మూసేసి ఆగస్టు మధ్యలో తెరుస్తాయి. న్యూజెర్సీలో జూన్ చివరిదాకా ఉండి సెప్టెంబరులో మొదలవుతాయి. మధ్యలో డిస్ట్రిక్ట్ ఆఫీసు పనిచేస్తుంది కానీ, బడిలో కౌన్సెలర్ దొరకడం కష్టం. ఆగస్టులో వెళ్లేవాళ్లు ఏప్రిల్‌లోనే, ఇంకా ఇల్లు ఖాయం కాకముందే, రెండు మూడు బడుల కౌన్సెలర్లకి ఒకే మెయిల్ రాయండి. పిల్ల వయసు, చదువుతున్న తరగతి, లెక్కల ప్లేస్‌మెంట్ ఎలా చేస్తారు, కొత్త పిల్లలకి ఎవరు తోడుంటారు, ఎప్పుడు వచ్చి చూడొచ్చు. నాలుగు వరుసలు చాలు. జవాబు ఎవరు ముందు రాశారో, ఎంత శ్రద్ధగా రాశారో చూసుకుని ఆ తర్వాత ఇంటి బ్రోకర్‌కి ఫోన్ చేయండి.