ఒంటి రెక్క బ్యాడ్జి ఎవరిది?: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ఫొటోలో బ్రిటిష్ వైమానికుడి ఎడమ జేబు పైన ఒకే ఒక రెక్క, దాని మొదట్లో ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం కనిపించాయి. రెండో రెక్క ఊడిపోయిందా?

జవాబు: ఊడిపోలేదు, ఆ బ్యాడ్జి రూపమే అంత. విమానం నడిపే పైలట్‌కు రెండు రెక్కలు, అతనితో పాటు ఎగిరే తక్కిన సిబ్బందికి ఒంటి రెక్క ఇవ్వడం బ్రిటిష్ వైమానిక దళంలో ఆనవాయితీ. మీరు చూసిన ‘ఓ’ అబ్జర్వర్‌ది. దీన్ని 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, అప్పటి బ్రిటిష్ సైన్యపు వైమానిక విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్ ప్రవేశపెట్టింది. ఆనాటి అబ్జర్వర్ రెండు సీట్ల విమానంలో కూర్చుని శత్రువుల కందకాలను ఫొటోలు తీసేవాడు, తమ ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో కిందివారికి తెలియజేసేవాడు, అవసరమైతే మరతుపాకీ కూడా పేల్చేవాడు. రెండో యుద్ధం మొదలయ్యేసరికి దారి లెక్కగట్టడం, బాంబులు గురి చూసి వదలడం రెండూ అతని పనులే అయ్యాయి. రాత్రివేళ సుదూర లక్ష్యాలకు వెళ్లే భారీ బాంబర్లలో ఈ రెండింటినీ ఒక్కరికే అప్పగించడం కుదరక, 1942లో ఆ ఉద్యోగాన్నే విడదీసి, నావిగేటర్‌కు ‘ఎన్’, బాంబులు వదిలేవారికి ‘బి’ అక్షరాలతో కొత్త బ్యాడ్జీలు ఇచ్చారు. పాత ‘ఓ’ను అంతకు ముందే సంపాదించుకున్నవారు మాత్రం దాన్నే ధరించవచ్చు. కాబట్టి ‘ఎన్’ ఉన్న ఫొటో 1942 కన్నా ముందుది కాదని చెప్పవచ్చు గానీ, ‘ఓ’ ఉన్నంత మాత్రాన మీ ఫొటో 1942 కన్నా ముందుదని చెప్పలేము.

ప్రశ్న: సైన్యం ఒక బ్యాడ్జిని రద్దు చేస్తే, అప్పటికే సాధించినవారు దాన్ని తీసేయాలా?

జవాబు: సాధారణంగా అక్కర్లేదు. కొత్తగా ఇవ్వడం ఆపడం వేరు, ధరించడాన్ని నిషేధించడం వేరు. ఒక పని అంతరించినంత మాత్రాన, దాన్ని నేర్చినవారి అర్హత అంతరించదు.

అమెరికా సైన్యపు గ్లైడర్ బ్యాడ్జి ఇందుకు మంచి ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సైన్యం వాడిన వాకో గ్లైడర్‌కు ఇంజను ఉండదు. ఉక్కు గొట్టాల చట్రానికి గుడ్డ చుట్టిన ఆ విమానంలో ఇద్దరు పైలట్లు కాక 13 మంది సైనికులు కూర్చునేవారు. రవాణా విమానం దాన్ని నైలాన్ తాడుతో లాక్కెళ్లి శత్రు భూభాగం దగ్గర వదిలేస్తే, దొరికిన పొలంలోనే దిగాలి. మళ్లీ పైకి లేచి మరో చోటు వెతుక్కునే అవకాశం లేదు. ఇంత ప్రమాదంలోకి వెళ్లేవారికి పారాచూట్ సైనికులకు ఇచ్చే అదనపు జీతం గానీ, బ్యాడ్జి గానీ 1944 మధ్య వరకు దక్కలేదు. అది ముమ్మాటికీ అన్యాయమే. చివరికి పారాచూట్ బ్యాడ్జి నమూనాలోనే నడుమ గ్లైడర్ బొమ్మతో వారికి ఒక బ్యాడ్జి వచ్చింది. 1945 మే నెలతో దాన్ని ఇవ్వడం ఆగిపోయింది. యుద్ధం తర్వాత గ్లైడర్ల పనిని హెలికాప్టర్లు అందుకున్నాయి. అయినా సంపాదించుకున్నవారు దాన్ని ధరించే హక్కు నియమావళిలో నిలిచే ఉంది.

అంతకన్నా విచిత్రమైనది అణు రియాక్టర్ నడిపేవారి బ్యాడ్జి. మారుమూల స్థావరాలకు ఇంధనం చేరవేసే భారం తగ్గించడానికి అమెరికా సైన్యం చిన్న రియాక్టర్లను నిర్మించింది. మొదటిది వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వాయిర్‌లో 1957లో పనిచేయడం మొదలుపెట్టింది. గ్రీన్‌లాండ్ మంచు పొరల కింద కట్టిన క్యాంప్ సెంచురీకి కూడా ఇలాంటి రియాక్టరే విద్యుత్తు ఇచ్చింది. ఈ పనిలో ప్రాణాపాయం లేకపోలేదు. 1961 జనవరి 3న ఐడహోలోని ఎస్‌ఎల్-1 రియాక్టర్ ప్రమాదంలో ముగ్గురు సిబ్బంది చనిపోయారు. రియాక్టర్లు నడిపేవారి కోసం 1965లో నాలుగు అంచెల బ్యాడ్జి వచ్చింది. ఆ రియాక్టర్ల కార్యక్రమం 1970ల్లోనే ముగిసింది, బ్యాడ్జి ఇవ్వడం 1990లో ఆగింది. ఆ రియాక్టర్లు ఉన్నవే కొన్ని కాబట్టి, ఈ బ్యాడ్జి పొందినవారూ కొద్దిమందే.

ప్రశ్న: నేను కొన్న గ్లైడర్ బ్యాడ్జి వెనుక ‘స్టెర్లింగ్’ అని ఉంది. అది అసలుదేనా?

జవాబు: ఆ ముద్ర లోహం వెండి అని మాత్రమే చెబుతుంది. నకళ్లపై కూడా అదే ముద్ర వేయవచ్చు. బ్యాడ్జితో పాటు సైనికుడి సర్వీసు పత్రాలు, అందులో గ్లైడర్ దళం పేరు ఉంటేనే నమ్మండి.